బాణం గుర్తు ఎవరి కోసం?

ముందుగా ఒక మాట. నేను ఎల్కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఫిజిక్స్ గురించి తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఎక్కడైనా తడబడితే సర్దుకుపోండి.

సంక్రాంతి సెలవులకి తెనాలిలో మావయ్య వాళ్ళింటికి వెళ్ళాను. మా మావయ్యకి పాటల పిచ్చి. వయసులో ఉన్నప్పుడు మైకు సెట్టు షాపులో పని చేశాడు. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ మైకులు కట్టిన మనిషి. ఇప్పుడు ఆ పని మానేశాడు గానీ ముందు గదిలో ఒక పాత ఆంప్లిఫయరు, సీడీ ప్లేయరు, రెండు పెద్ద స్పీకర్లు అలాగే ఉన్నాయి. పొద్దున్నే కాఫీ, ఘంటసాల. ఈ రెండూ అయ్యాకే ఆయనకి మిగతా ప్రపంచం.

ఈసారి వెళ్ళేసరికి బల్ల మీద కొత్త డబ్బా ఒకటి కనిపించింది. అందులో ఒక జత కేబుళ్ళు. సీడీ ప్లేయరు నుంచి ఆంప్లిఫయరుకి పాటని తీసుకెళ్ళేవి. పైన జడ అల్లినట్టు అల్లిక, బంగారు పూత ప్లగ్గులు, మధ్యలో ఒక చిన్న బాణం గుర్తు. వారం రోజులు వాడి చూసుకోమని షాపతను ఇచ్చాడట. నచ్చితే 18,000 రూపాయలు.

"బాణం సీడీ ప్లేయరు నుంచి ఆంప్లిఫయరు వైపుకి చూడాలమ్మా. తిప్పి పెడితే గొంతు మందగిస్తోంది. నేను విన్నాను," అన్నాడు మావయ్య.

నేను నవ్వాను. అత్తయ్య, చిన్నోడు, పక్కింటి వాళ్ళు, అందరి ముందూ పగలబడి నవ్వాను. చిన్నోడంటే మావయ్య కొడుకు, ఇంటర్ సెకండియర్. "రాగి తీగకి వన్ వే ఏంటి మావయ్యా? నిన్ను బాగా బుట్టలో వేశారు," అన్నాను. మావయ్య ఏమీ అనలేదు. పాట ఆపేసి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రాత్రి అన్నాలయ్యాక అత్తయ్య మెల్లగా చెప్పింది. "ఆ డబ్బు రెండేళ్ళ నుంచి దాచుకుంటున్నాడే. కొనొద్దంటే నేనే చెప్పేదాన్ని. నువ్వు అలా నవ్వకుండా ఉండాల్సింది."

నాకు సిగ్గేసింది. అంతకన్నా ఇబ్బంది పెట్టిన విషయం ఇంకోటి ఉంది. నేను చెప్పింది నిజమని నాకు ఎలా తెలుసు? ఎవరో ఎక్కడో అంటే విని నేనూ అనేశాను. మావయ్య షాపువాడి మాట నమ్మితే, నేను ఇంకెవరి మాటో నమ్మాను. పెద్ద తేడా ఏముంది? అందుకని మొదటి నుంచి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ ఆలోచనే ఈ వ్యాసం.

పాట తీగలో ఎలా వెళ్తుంది?

కేబుల్ అంటే మనకి వెంటనే నీళ్ళ పైపు గుర్తొస్తుంది. ఇటు నుంచి పోస్తే అటు నుంచి వస్తుంది అని. బాణం గుర్తు మనల్ని నమ్మించేది కూడా ఈ బొమ్మతోనే. కానీ పాట అలా ప్రవహించదు.

మా అమ్మ తెలుగు మీడియంలో చదువుకుంది. ఏసీని వాళ్ళ పుస్తకంలో "ఏకాంతర విద్యుత్ ప్రవాహం" అనేవారట. ఒక క్షణం అటు, ఇంకో క్షణం ఇటు. ఆ పేరులోనే అర్థం ఉంది. ఆడియో సిగ్నల్ కూడా ఇదే జాతి. మన చెవి వినగలిగేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. అంటే తీగలో కరెంటు సెకనుకి ఇరవై సార్ల నుంచి ఇరవై వేల సార్ల దాకా అటూ ఇటూ ఊగుతుంది. నీళ్ళ పైపు కన్నా ఉయ్యాల బాగా సరిపోయే పోలిక.

ఎలక్ట్రాన్లు ఎంత దూరం వెళ్తాయో లెక్క వేస్తే నాకే నవ్వొచ్చింది. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగలో 1 ఆంపియర్ కరెంటు ఒకే వైపుకి పారుతోంది అనుకోండి. ఎలక్ట్రాన్లు సగటున జరిగే వేగం సెకనుకి 0.07 మిల్లీమీటర్లు. చీమ దీనికన్నా చాలా ఫాస్ట్. ఇప్పుడు అదే కరెంటు 1,000 హెర్ట్జ్ దగ్గర ఊగితే, వెనక్కి తిరిగేలోపు అవి జరిగేది 20 నానోమీటర్ల పైన కొంచెం. మన తల వెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. అంటే స్పీకర్ వైరులో ఉన్న ఎలక్ట్రాను, పాట మొత్తం అయిపోయినా, దాదాపు ఉన్నచోటే ఉంటుంది.

మరి పాట ఎలా చేరింది? జరిగేది ఎలక్ట్రాన్లు కాదు, వాటిని నెట్టే విద్యుత్ క్షేత్రం. అది కేబుల్లో కాంతి వేగంలో సుమారు మూడింట రెండు వంతుల వేగంతో, అంటే సెకనుకి దాదాపు రెండు లక్షల కిలోమీటర్ల చొప్పున వెళ్తుంది. శక్తి మాత్రం ఆంప్లిఫయరు నుంచి స్పీకరుకే వెళ్తుంది, ఆ మాట నిజమే. కానీ తీగలోని రాగి చేసేది అటూ ఇటూ సమానంగా ఊగడం. దానికి "ముందుకి" అనే మాటే తెలియదు.

రాగికి తలా తోకా ఉంటాయా?

ఇక్కడ బాణం వైపు వాదించేవాళ్ళకి ఒక జవాబుంది. దాన్ని కొట్టిపారేయకుండా చూద్దాం. రాగి కడ్డీని చిన్న చిన్న రంధ్రాల గుండా లాగి తీగ చేస్తారు. ఒకదాని తర్వాత ఒకటి, ఇంకా సన్నటి రంధ్రాల్లోంచి. అలా లాగినప్పుడు లోపలి రాగి రేణువులు సాగుతాయి. ఇది నిజం. కాబట్టి లాగిన వైపుకి కరెంటు సులువుగా వెళ్తుంది, రెండో వైపుకి కష్టంగా వెళ్తుంది అని వాళ్ళ వాదన.

కట్టె కొట్టడం చూశారా? నిలువుగా కొడితే చీలుతుంది, అడ్డంగా కొడితే చీలదు. నిలువుకీ అడ్డానికీ తేడా ఉంది. కానీ కట్టెని తల్లకిందులు చేసి మళ్ళీ నిలువుగా కొట్టండి, అప్పుడూ చీలుతుంది. సాగిన రాగి రేణువులూ అంతే. పొడవుకీ అడ్డానికీ కొంచెం తేడా ఉండొచ్చు. ఈ కొస నుంచి ఆ కొసకీ, ఆ కొస నుంచి ఈ కొసకీ తేడా రాదు. పైగా తీగని వేడి చేసి మెత్తబరిచినప్పుడు ఆ సాగిన రేణువుల స్థానంలో కొత్తవి ఏర్పడతాయి.

ఒకవేళ తేడా ఉందనే అనుకుందాం. ఒక వైపుకి సులువుగా, ఇంకో వైపుకి కష్టంగా కరెంటుని పంపే వస్తువు మనకి ల్యాబ్‌లో తెలుసు. దాని పేరు డయోడ్. తీగ కొంచెమైనా డయోడ్‌లా పని చేస్తే, అటు ఊగినప్పుడు తరంగం ఒకలా, ఇటు ఊగినప్పుడు ఇంకోలా ఉంటుంది. అంటే అసలు పాటలో లేని కొత్త స్వరాలు పుడతాయి. 1,000 హెర్ట్జ్ పంపితే 2,000 దగ్గర కూడా ఏదో కనిపించాలి. ఇప్పటి ఆడియో కొలత యంత్రాలు అసలు సిగ్నల్లో పది లక్షల వంతు ఉన్నా పట్టేస్తాయి. మామూలు రాగి కేబుల్లో అలాంటిదేమీ దొరకదు. ఇంకో విషయం గమనించారా? ఒకవేళ తీగలో ఈ దోషం ఉంటే, కేబుల్ ఎటు పెట్టినా ఆ దోషం ఉండాలి. తిప్పితే తరంగంలో పై సగం బదులు కింది సగం పాడవుతుంది, అంతే.

నాకు బాగా నచ్చిన వాదన మాత్రం ఇది. కరెంటు వెళ్ళడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఇంకో తీగ కావాలి. స్పీకర్ వైరులో రెండు పోగులు పక్కపక్కనే ఉంటాయి, రెండూ ఒకే వైపుకి లాగినవే అనుకోండి. ఏ క్షణం చూసినా ఒక పోగులో కరెంటు "సరైన" వైపుకి, రెండో పోగులో "తప్పు" వైపుకి వెళ్తూ ఉంటుంది. కేబుల్ తిప్పి పెడితే? మళ్ళీ ఒకటి సరైనది, ఒకటి తప్పు. ఏం మారింది? పైగా స్పీకరు లోపల కాయిల్‌లో మీటర్ల కొద్దీ సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆంప్లిఫయరు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇంకా ఎక్కువ. వాటి మీద ఎక్కడా బాణం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కేబుల్‌ని కొసలు మార్చి పెట్టడం వేరు, ప్లస్ మైనస్ మార్చి పెట్టడం వేరు. రెండు స్పీకర్లలో ఒకదానికి మాత్రం ప్లస్ మైనస్ తారుమారైతే, ఒకటి గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ పడిపోతుంది, మధ్యలో వినిపించాల్సిన గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. ఈ తేడా ఎవరికైనా వినిపిస్తుంది. హాస్టల్ రూములో చేసి చూడండి. "తిప్పితే తేడా వచ్చింది" అనే వాళ్ళలో కొందరికి జరిగింది ఇదే అయ్యుండొచ్చు.

లెక్క సరే, చెవి సంగతేంటి?

పొద్దున్నే ఇదంతా మావయ్యకి చెప్పాను. ముందు నవ్వినందుకు సారీ చెప్పి, ఆ తర్వాత. ఓపిగ్గా విన్నాడు. విని, "బాగుందమ్మా. కానీ నాకు వినిపించింది కదా?" అన్నాడు.

దీనికి కాగితం మీద జవాబు లేదు. అందుకని పరీక్ష పెట్టుకుందాం అన్నాను. కేబుల్ ఎటు ఉందో వినేవాళ్ళకి తెలియకూడదు. మీట నొక్కి రెండు శబ్దాల మధ్య మారుతూ, మూడోది ఆ రెండిట్లో ఏదో చెప్పే ఏబీఎక్స్ అనే పద్ధతి ఒకటుంది. డేవిడ్ క్లార్క్ అనే ఆయన 1982లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో దాని గురించి రాశారు. మా దగ్గర అలాంటి పెట్టె లేదు. పాత దుప్పటి, చిన్నోడు ఉన్నారు.

దుప్పటిని తెరలా కట్టాం. చిన్నోడు తెర వెనక, నేనూ మావయ్యా తెర ముందు. పైథాన్‌లో రెండు లైన్లు రాసి 16 సార్లకి బొమ్మా బొరుసూ వేయించి, ఆ లిస్టు చూడకుండానే నా ఫోన్‌ని చిన్నోడి చేతికిచ్చాను. ప్రతిసారీ వాడు సౌండు తగ్గించి, రెండు కొసలూ పీకి మళ్ళీ పెట్టాలి. కేబుల్ తిప్పినా తిప్పకపోయినా పీకాలి, ఎందుకంటే పట్టిన సమయం బట్టి మేం కనిపెట్టేయకూడదు. నోరు విప్పకూడదు. పాట ఒకటే, అదే రెండు నిమిషాలు. సౌండు గుర్తు పెట్టుకున్న అంకె మీదే ఉండాలి. మావయ్య కావాలంటే మధ్యలో "ఒకసారి బాణం సరిగ్గా పెట్టి వినిపించు" అని అడగొచ్చు.

ఎన్ని కరెక్ట్ చెప్తే నమ్మాలి? ఇది మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి, లేకపోతే తర్వాత మనకి కావాల్సినట్టు చెప్పుకుంటాం. 16 సార్లకి మొత్తం జవాబుల అమరికలు 2 ఘాతం 16, అంటే 65,536. గుడ్డిగా చెప్పినా 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిపోయే అవకాశం 3.8 శాతం. 10 లేదా ఎక్కువ అయితే ఏకంగా దాదాపు 23 శాతం. కాబట్టి 12 వస్తే మావయ్య గెలిచినట్టు, కేబుల్ కొనుక్కోవచ్చు, నేను ఒక్క మాట కూడా అనను. అత్తయ్య సాక్షి.

టీలూ, పునుగులూ కలుపుకుని రెండున్నర గంటలు పట్టింది. మావయ్యకి 16లో 9 వచ్చాయి. గుడ్డిగా చెప్పినా 9 లేదా ఎక్కువ వచ్చే అవకాశం 40 శాతం.

మావయ్య కాగితం వంక చాలాసేపు చూశాడు. "అయితే నా చెవి పోయిందంటావా?"

"నేనూ కూర్చుంటా" అన్నాను. కొత్త లిస్టుతో నేనూ 16 సార్లు విన్నాను. నాకు 7. ఇక్కడ నిజం చెప్పాలి. నాలుగోసారి నాకు స్పష్టంగా తేడా వినిపించింది. గొంతు ముందుకొచ్చినట్టు, వయొలిన్లు విడిగా ఉన్నట్టు. తేడా ఉండదని నమ్మిన నాకే! ధీమాగా "బాణం సరిగ్గా ఉంది" అన్నాను. లిస్టులో తిరగేసి ఉంది.

చెవి పోలేదు. చెవి వెనక ఉన్న బుర్ర తన పని తాను చేస్తుంది. అదే పాట రెండోసారి వింటే మొదటిసారి పట్టించుకోనిది వినిపిస్తుంది. తల రెండంగుళాలు పక్కకి జరిపితే గదిలో శబ్దం నిజంగానే మారుతుంది. ఎన్నాళ్ళగానో కదలని ప్లగ్గుని పీకి పెడితే, లోహం మీద పట్టిన తుప్పు పొర రాపిడికి పోయి కనెక్షన్ బాగుపడొచ్చు. అప్పుడు తేడా నిజమే, కానీ కారణం తిప్పడం కాదు, పీకడం.

9 వచ్చినంత మాత్రాన "తేడా లేనే లేదు" అని నిరూపణ అయినట్టు కాదు. ఆ గదిలో, ఆ రోజు, మాకు తెలియలేదు, అంతవరకే. కానీ 18,000 పెట్టాలా వద్దా అన్న ప్రశ్నకి ఆ జవాబు చాలు.

ఎర్ర టేపు

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఫిజిక్స్ గెలిచింది, నేను గెలిచాను.

మావయ్య లేచి వెళ్ళి, ఇన్నాళ్ళూ వాడిన తన పాత కేబుల్ తెచ్చాడు. అది ఆయనే స్వయంగా సోల్డరింగ్ చేసుకున్నది. ఒక కొసకి ఎర్ర టేపు చుట్టి ఉంది.

"ఈ టేపు ఎందుకో చెప్పు ఇంజనీరూ. ఇది ఎప్పుడూ సీడీ ప్లేయరు వైపే పెడతా. ఇదీ అబద్ధమేనా?"

నేను తడుముకున్నాను. మావయ్య రెండు ప్లగ్గుల మూతలూ తిప్పి తీసి చూపించాడు. లోపల రెండు పోగులు, వాటి చుట్టూ వల లాంటి రాగి అల్లిక. ఒక పోగు మధ్య పిన్నుకి, రెండో పోగు బయటి రింగుకి. ఇది రెండు కొసల్లోనూ ఒకటే. కానీ ఆ వల, అంటే షీల్డు, ఎర్ర టేపు కొసలో మాత్రమే రింగుకి అతికించి ఉంది. రెండో కొసలో కత్తిరించి స్లీవు తొడిగేశాడు. నేనూ చూశాను. టేపు కొసలో షీల్డుకీ ఆ మూలన ఉన్న రింగుకీ మధ్య నేరుగా అతుకు ఉంది, రెండో కొసలో లేదు. అంటే ఈ కేబుల్‌కి నిజంగానే రెండు కొసలూ వేరువేరు!

ఎందుకంటే షీల్డు పని పాటని మోయడం కాదు, బయటి చెత్తని అడ్డుకోవడం. మన ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్. గోడల్లో వైర్లు, ఫ్యాన్లు, ఛార్జర్లు, అన్నీ ఎంతో కొంత ఆ గుయ్ మనే శబ్దాన్ని వెదజల్లుతూ ఉంటాయి. షీల్డు దాన్ని పట్టుకుని ఎర్త్ వైపుకి దించేస్తుంది. దానికి ఒక కొస అతికితే చాలు. రెండు కొసలూ అతికిస్తే ఇంకో చిక్కు రావచ్చు. రెండు యంత్రాల ఎర్త్‌ల మధ్య కొంచెం వోల్టేజీ తేడా ఉన్నా, షీల్డు గుండానే 50 హెర్ట్జ్ కరెంటు చుట్టు తిరగడం మొదలవుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. లాప్‌టాప్ నుంచి ఫెస్ట్ స్టేజీ మీద పాట పెట్టినప్పుడు ఛార్జర్ గుచ్చగానే గుయ్ మనడం, పీకగానే ఆగిపోవడం మీరూ చూసే ఉంటారు. ఆ జాతి సమస్యే.

"పందిట్లో మిక్సరు ఒక లైను మీద, ఆంప్లిఫయరు ఇంకో లైను మీద ఉండేవి. ఒక్కోసారి గుయ్ మని రొద. మా మేస్త్రి షీల్డు ఒక పక్క కోసేసి టేపు వేయమనేవాడు," అన్నాడు మావయ్య.

మైకులకి వాడే బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళలో ఇలా చేస్తే షీల్డు గుండా తిరిగే ఆ దారి పూర్తిగా తెగిపోతుంది. సీడీ ప్లేయరు లాంటి వాటి కేబుల్లో రెండో పోగు ఎలాగూ రెండు యంత్రాలనీ కలుపుతుంది కాబట్టి అంత లాభం ఉండదు, కొంత ఉంటుంది. తిప్పి పెడితే పాట ఆగదు, గొంతూ మారదు. షీల్డు అవతలి యంత్రానికి అతుక్కుంటుంది, అంతే. చిన్న కేబుల్ అయితే ఇంట్లో చాలాసార్లు చెవికి తెలియనే తెలియదు. పొడవు పెరిగితే, పక్కనే కరెంటు వైర్లుంటే, ఆ రొదలో తేడా రావచ్చు.

కాబట్టి బాణం అబద్ధం అని నేను అనడం తప్పు. రాగికి దిశ ఉందనడం అబద్ధం. కట్టిన తీరుకి దిశ ఉండొచ్చు. ఆ 18,000 కేబుల్ లోపల కూడా షీల్డు ఇలాగే ఉందేమో, వస్తువు మాది కాదు కాబట్టి విప్పి చూడలేదు. ఉన్నా, అదే పని మావయ్య సోల్డరింగ్ గన్‌తో కొన్ని వందల్లో చేసేశాడు.

మీకు బాణం కనిపిస్తే

నవ్వకండి, వెంటనే కొనకండి కూడా. ఈ బాణం దేని గురించి అని అడగండి. షీల్డు ఒక కొసకే అతికించాం అంటే, నిజమైన కారణమే. ఫైబర్‌తో చేసే పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుళ్ళ మీద ఒక కొస ప్లేయరుకి, ఒక కొస టీవీకి అని రాసి ఉంటే తప్పకుండా పాటించండి. వాటి కొసల్లో చిప్పులుంటాయి, ఒక కొస పంపుతుంది, ఒక కొస అందుకుంటుంది. తిప్పి పెడితే బొమ్మే రాదు. స్టేజీ మైకు కేబుల్‌కి బాణమే అక్కర్లేదు, తిప్పి పెడదామన్నా ప్లగ్గు దూరదు. కానీ "మా రాగి ఈ వైపుకి బాగా పాడుతుంది" అంటే మాత్రం ఒక దుప్పటి, ఒక తమ్ముడు, 16 సార్ల ఓపిక తెచ్చుకోండి.

మావయ్య ఆ కేబుల్ డబ్బా వెనక్కి ఇచ్చేశాడు. డబ్బు ఇంకా బీరువాలోనే ఉంది. అత్తయ్య గ్రైండర్ అంటోంది, మావయ్య ఇంకా ఏమీ అనట్లేదు.

నేను బయల్దేరే రోజు పొద్దున పాత కేబుల్ మళ్ళీ తగిలించమన్నాడు. ఎర్ర టేపు వెతికి, ఆ కొస సీడీ ప్లేయరుకి పెట్టాను.

"ఎటు పెట్టినా పాడుతుందన్నావుగా?" అన్నాడు.

"పాడుతుంది మావయ్యా. కానీ ఇది నువ్వు ఇటు పెట్టాలనే కట్టావుగా."

సౌండు పెంచి, కాఫీ తెమ్మని అత్తయ్యని కేకేశాడు.